జనరేటర్ స్టార్ట్ కావడం లేదా? తాడు వదిలేసి ముందు ఇవి చూడండి

జనరేటర్ తాడు ఏడెనిమిది సార్లు లాగినా ఇంజన్ అందుకోలేదంటే ఇక లాగకండి. ఆపైన ఎన్నిసార్లు లాగినా భుజం నొప్పి తప్ప లాభం ఉండదు. పైగా లాగిన ప్రతిసారీ సిలిండర్‌లోకి పచ్చి పెట్రోల్ చేరుతుంది, పెట్రోల్‌ని మండించే నిప్పు ఇచ్చే స్పార్క్ ప్లగ్ తడిసి ముద్దవుతుంది. మొదట ఉన్న లోపం ఒకటైతే, మనం లాగి లాగి రెండోది తెచ్చిపెడతాం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. టెంట్ హౌస్, లైటింగ్ పని మాది. పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ తిరిగే పెట్రోల్ జనరేటర్లు నాలుగున్నాయి. ఇవి కాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి "మొన్నటిదాకా బాగానే ఉందండీ, ఇవాళ కదలట్లేదు" అంటూ ఆటోలో వేసుకుని తెచ్చేవాళ్లు ఉంటారు. అక్టోబర్ వస్తే వాళ్ల సంఖ్య పెరుగుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున మా పలాస వైపే దాటింది. అప్పటినుంచి తుపాను కబురు వినగానే మా వైపు అందరూ మూలన పెట్టిన జనరేటర్ బయటికి తీస్తారు. ఏడాది కిందటి పెట్రోల్ ఇంకా అందులోనే ఉంటుంది.

అలా వచ్చిన వాటిలో నిజంగా ఇంజన్ పాడైనవి చాలా తక్కువ. పాత పెట్రోల్, తగ్గిన ఆయిల్, తడిసిన ప్లగ్, మూసుకుపోయిన జెట్ (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం)... ఎక్కువగా ఇవే. వీటిని ఇంట్లోనే చూసుకోవచ్చు. కావలసిందల్లా ప్లగ్ పానా, 10 నంబర్ పానా, స్క్రూడ్రైవర్, పాత గుడ్డ, ఒక గాజు సీసా. ఇక్కడ చెప్పేది తాడుతో లాగే 4-స్ట్రోక్ పెట్రోల్ జనరేటర్ల గురించి, అంటే ఇళ్లలో, షాపుల్లో ఉండే 1 నుంచి 5 కె.వి.ఎ. వాటి గురించి. డీజిల్‌వి వేరే సంగతి.

ఎక్కడ పెట్టారో ముందు చూడండి

రిపేరు చేసేటప్పుడు కూడా జనరేటర్ బయటే ఉండాలి. వాన పడుతోందని వరండాలోకో, మెట్ల కిందికో, తలుపు తీసి ఉంచిన గదిలోకో తెచ్చి లాగేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ సంగతి కూడా తెలియదు, అలాగే ప్రాణం పోతుంది. ఇంటికి, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపు ఉండేలా పెట్టండి. వానకి నాలుగు వైపులా గాలి ఆడేలా పైన రేకు కప్పితే చాలు.

నేల చదునుగా ఉందో లేదో చూడండి. ఇది ఎందుకు చెబుతున్నానో ఆయిల్ దగ్గర తెలుస్తుంది.

ఒక్క నిమిషంలో చూడాల్సినవి

ఇంజన్ స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోల్ కాక్, అంటే ట్యాంకు కింది కుళాయి, తెరిచి ఉందా? ట్యాంకులో పెట్రోల్ ఉందా? మూత మీద గాలి రంధ్రానికి మీట ఉంటే అది ఆన్ వైపు ఉందా? చోక్ (ఇంజన్‌కి వెళ్లే గాలిని తగ్గించే మీట) వేశారా? ఇంజన్ చల్లగా ఉంటే చోక్ పూర్తిగా మూయాలి. ఇప్పుడే ఆపిన వేడి ఇంజన్ అయితే చోక్ అక్కర్లేదు. కొన్ని కొత్త ఇన్వర్టర్ మోడళ్లలో స్విచ్, కాక్, చోక్ మూడూ ఒకే నాబ్‌లో ఉంటాయి. దాన్ని 'చోక్' గుర్తు దాకా తిప్పకుండా 'రన్' దగ్గర ఆపేసి లాగేవాళ్లు చాలామంది.

జనరేటర్‌కి తగిలించిన మోటారు, ఫ్రిజ్, లైట్లు అన్నీ తీసేయండి. జనరేటర్ మీద ఉన్న బ్రేకర్ కూడా ఆఫ్ చేసి లాగండి. లోడు మీద ఇంజన్ అందుకోవడం కష్టం.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా స్టార్ట్ కాకపోతే ఆయిల్ చూడండి.

ఆయిల్

పెట్రోల్ జనరేటర్లలో చాలావాటికి ఇంజన్ అడుగున ఆయిల్ సెన్సర్ ఉంటుంది. ఆయిల్ తగ్గితే ఇంజన్ కాలిపోకుండా అది ప్లగ్‌కి వెళ్లే నిప్పును ఎర్త్ చేసేస్తుంది. అప్పుడు తాడు ఎంత లాగినా ప్లగ్‌లో నిప్పు రాదు. ఇంజన్ ఏ చప్పుడూ చేయదు, కనీసం ఒక్కసారి దగ్గినట్టు కూడా అనదు. కొన్నింటికి తాడు లాగేటప్పుడు చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది, పగటి వెలుగులో అది కనబడదు. చేయి అడ్డం పెట్టి చూడాలి.

తిత్లీ వెళ్లిన మర్నాటి సంగతి చెబుతాను. మా వీధిలో కొబ్బరి చెట్లు కరెంటు తీగల మీద పడి ఉన్నాయి. బోరు మోటార్లు ఆగిపోయాయి, తాగడానికి నీళ్లు లేవు. జనరేటర్ తోపుడు బండి మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి మోటారు ఆడించి ట్యాంకులు నింపుదామని బయల్దేరాం. మొదటి ఇంటి దగ్గరే అది మొరాయించింది. ప్లగ్ మార్చాను, పెట్రోల్ మార్చాను, అరచేతుల్లో బొబ్బలు లేచాయి. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మా నాన్న వచ్చి ఇంజన్ వైపు కాదు, బండి చక్రాల వైపు చూశాడు. "ఒరే, బండి ఓ పక్కకి ఒరిగి ఉంది, ముందు కిందికి దించు" అన్నాడు. ఒక చక్రం బురదలో దిగబడి ఉంది. ఆయిల్ కొంచెం తగ్గి ఉండటం, దానికి తోడు ఇంజన్ వాలుగా ఉండటం. సెన్సర్ వైపు ఆయిల్ లేదు. చదును నేల మీద పెట్టి, వంద మిల్లీలీటర్ల ఆయిల్ పోశాక రెండో లాగుకే అందుకుంది. అప్పటినుంచి ఏ జనరేటర్ వచ్చినా నేను ముందు ముట్టుకునేది ఆయిల్ మూతనే.

చూసే పద్ధతి ఇది. చదును నేల మీద పెట్టి, ఆయిల్ మూత తీసి, పుల్ల తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. చాలా ఇంజన్లకు ఆ పుల్లను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఆయిల్ ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. పుల్ల లేనివాటికి మూత తీస్తే ఆయిల్ మర అంచుదాకా కనబడాలి. మన వేడికి 10డబ్ల్యూ-30 రకం 4-స్ట్రోక్ ఆయిల్ సరిపోతుంది. ఐదారు హార్స్ పవర్ ఇంజన్‌కి మొత్తం పట్టేది 600 మిల్లీలీటర్లే. అందుకే వంద తగ్గినా తేడా తెలుస్తుంది. అలాగని నిండుగా పోయకండి. ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కి వేరే తలనొప్పి తెస్తుంది.

ఆయిల్ రంగు, వాసన కూడా చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. వరద నీటిలో మునిగిన జనరేటర్లలో ఇదే కనబడుతుంది. దాన్ని స్టార్ట్ చేయడానికి ప్రయత్నించవద్దు, ఆయిల్ మొత్తం దించి మెకానిక్‌కి ఇవ్వండి. ఆయిల్ పలచబడి పెట్రోల్ వాసన వస్తుంటే కార్బురేటర్‌లో (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) పెట్రోల్‌ని ఆపే నీడిల్ కారి పెట్రోల్ ఇంజన్‌లోకి దిగుతోందని అర్థం. ఆ ఆయిల్ మార్చాలి, నీడిల్ కూడా చూడాలి.

పెట్రోల్

ట్యాంకులో పెట్రోల్ ఎప్పటిదో గుర్తు తెచ్చుకోండి. రెండు నెలలు దాటితే నేను దాన్ని నమ్మను. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మా కోస్తా గాలికైతే చెప్పనక్కర్లేదు. తేమ ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. కార్బురేటర్‌లోకి దిగేది ఆ అడుగుదే.

దీన్ని కళ్లారా చూడొచ్చు. కాక్ మూసి, కార్బురేటర్ కింద గిన్నెలాంటి భాగం ఉంటుంది కదా, దాని అడుగున ఉన్న చిన్న డ్రైన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి దించండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, దీపం ఏదీ ఉండకూడదు, ఇంజన్ చల్లగా ఉండాలి. సీసా వెలుగుకి ఎత్తి ఒకసారి తిప్పండి. మంచి పెట్రోల్ అంతా ఒకే తీరుగా ఉంటుంది. నీళ్లు ఉంటే అడుగున వేరే పొర నిలబడుతుంది, లేదా పాదరసంలా గుండ్రటి బిందువులు అడుగంటా దొర్లుతాయి. పాతబడిన పెట్రోల్‌కి ముక్కుని పొడిచే వాసన పోయి పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. రంగు కూడా ముదురుతుంది.

ఆ రెండిట్లో ఏది కనబడినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోయండి. పాతదాంట్లో కొత్తది కలిపితే సరిపోతుందనుకోవద్దు. అడుగున నీళ్లు అలాగే ఉంటాయి.

డ్రైన్ స్క్రూ తీసి ఉండగానే కాక్ తెరవండి. పెట్రోల్ ధారగా, ఆగకుండా రావాలి. మొదట ధారగా వచ్చి మెల్లగా చుక్కలకు తగ్గితే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. వెంటనే ధార పెరిగితే మూత మీది గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత తీసినా పెరగకపోతే కాక్ దగ్గరున్న జాలీలో చెత్త ఉంది. మొదటి నుంచీ ఏమీ రాకపోతే కాక్ లేదా ఫ్లోట్ నీడిల్ అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కార్బురేటర్ గిన్నె మీద మెల్లగా రెండు దెబ్బలు తడితే అతుక్కున్న నీడిల్ చాలాసార్లు వదులుతుంది. ఈ చిన్న పనితోనే స్టార్ట్ అయిన జనరేటర్లు ఎన్నో.

ప్లగ్ ఏం చెబుతోంది

ఇప్పుడు ప్లగ్ విప్పండి. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్ కొన చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే పెట్రోల్ వస్తోంది, కానీ మండట్లేదు. అంటే నిప్పు లేదు, లేదా ఓవర్‌ఫ్లో అయింది, అంటే సిలిండర్‌లోకి పెట్రోల్ ఎక్కువగా చేరింది. పొడిగా ఉంటే పెట్రోల్ పైదాకా రావట్లేదు. నల్లటి పొడి మసి పట్టి ఉంటే గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ. చోక్ తీయకుండా నడిపారేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. లేత ఇటుక రంగులో ఉంటే ఆ ఇంజన్ అంతకుముందు ఆరోగ్యంగా నడిచిందన్నమాట.

ఓవర్‌ఫ్లో అయితే మందు తేలిక. కాక్ మూయండి, చోక్ తీయండి, స్విచ్ ఆఫ్ చేయండి. ప్లగ్ లేకుండానే తాడు ఐదారు సార్లు లాగండి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోల్ చిమ్ముతుంది, ముఖం పక్కకి పెట్టుకోండి. పది నిమిషాలు ఆరనివ్వండి. ప్లగ్ తుడిచి, ఆరబెట్టి బిగించి, చోక్ లేకుండా లాగండి.

నిప్పు వస్తోందో లేదో చూడాలంటే కాక్ మూసి, కారిన పెట్రోల్ అంతా తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, ప్లగ్ మర భాగం ఇంజన్ మీద ఏదైనా ఇనుప బోల్టుకి తగిలేలా ఆనించండి. ప్లగ్ రంధ్రానికి వీలైనంత దూరంగా ఉండాలి, ఎందుకంటే అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. క్యాప్‌ను రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోండి, చేత్తో పట్టుకుంటే గట్టిగా షాక్ కొడుతుంది. స్విచ్ ఆన్ చేసి, నీడలో నిలబడి ఇంకొకరిని తాడు లాగమనండి. టక్‌మని నీలి నిప్పు రావాలి. ఎర్రగా, నీరసంగా వస్తే ప్లగ్ మార్చండి. ఈ ఇంజన్లలో ఎక్కువవాటికి బీపీఆర్6ఈఎస్ రకం పడుతుంది, కానీ మీ పాత ప్లగ్ మీదున్న నంబర్ చూసే కొనండి. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. బిగించేటప్పుడు ముందు చేత్తోనే పూర్తిగా తిప్పి, తర్వాత పానాతో కొత్తదైతే అర చుట్టు, పాతదైతే పావు చుట్టు లోపే. మర కోసుకుపోతే సిలిండర్ హెడ్‌కే ఖర్చు.

కొత్త ప్లగ్‌తోనూ నిప్పు లేకపోతే, ఆయిల్ సరిపడా ఉందని ఖాయం చేసుకున్నాక, ఇంజన్ అడుగు నుంచి వచ్చే సెన్సర్ వైరును కనెక్టర్ దగ్గర ఊడదీసి మళ్లీ చూడండి. నిప్పు వచ్చిందంటే సెన్సర్ పోయింది. అలా ఊడదీసి నడపడం ఆ పూట గడవడానికే. ఆయిల్ లెవెల్ గంటగంటకీ మీరే చూసుకోవాలి, వీలైనంత త్వరగా కొత్త సెన్సర్ వేయించాలి.

స్విచ్ సంగతి కూడా అంతే. ఈ ఇంజన్లలో ఆఫ్ అంటే ప్లగ్‌కి నిప్పు పంపే కాయిల్ వైరును ఎర్త్‌కి కలపడం. స్విచ్‌లో తడి చేరినా, ఎలుక కొరికిన వైరు బాడీకి తగిలినా ఆన్‌లో ఉన్నట్టు కనబడుతూనే ఆఫ్‌లో ఉంటుంది. మా షెడ్డులో ఎలుకల వల్ల ఇది రెండుసార్లు జరిగింది. కాయిల్ నుంచి వచ్చే ఆ సన్న వైరు విడదీసి చూస్తే తెలిసిపోతుంది. అయితే ఆ వైరు లేకుండా ఇంజన్ స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు. పెట్రోల్ కాక్ మూసో, చోక్ పూర్తిగా వేసో ఆపాలి. అప్పటికీ నిప్పు లేకపోతే కాయిల్ దాకా వెళ్లాలి, అది మెకానిక్ పని.

నిప్పు ఉంది, అయినా మండట్లేదు

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేస్తే చాలా సమయం మిగులుతుంది. అర టీస్పూను కొత్త పెట్రోల్ ప్లగ్ రంధ్రంలో పోయండి, అంతకన్నా ఎక్కువ వద్దు. చిందింది తుడిచి, ప్లగ్ బిగించి, క్యాప్ పెట్టి లాగండి. రెండు మూడు క్షణాలు డబడబమని ఆగిపోయిందంటే సంతోషించండి. నిప్పు బాగుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) ఉంది, లోపం కార్బురేటర్‌లోనే. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లో పెట్రోల్ పోసి లాగే అలవాటు కొందరికి ఉంది, అది మానండి. ఇంజన్ ఎదురు తన్నితే ఆ నోటి నుంచే మంట వస్తుంది.

కార్బురేటర్ శుభ్రం చేసే ముందు ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. చిన్న స్ప్రింగు, కడ్డీ ఎక్కడ తగిలించి ఉన్నాయో తర్వాత గుర్తుండదు. నిజానికి చాలాసార్లు కార్బురేటర్ మొత్తం ఊడదీయక్కర్లేదు. కాక్ మూసి, డ్రైన్ చేసి, గిన్నె కింద 10 నంబర్ బోల్టు విప్పితే గిన్నె చేతిలోకి వస్తుంది. రబ్బరు రింగు సాగకుండా, తెగకుండా తీసి పక్కన పెట్టండి. గిన్నె అడుగున తెల్లటి పొడిలాంటిది, పచ్చటి జిగురు, తుప్పు నలకలు ఏవైనా ఉంటే తుడవండి.

గిన్నె తీశాక పైన మధ్యలో గొట్టంలాంటి భాగం దిగి ఉంటుంది. అందులో లోపలికి బిగించిన ఇత్తడి స్క్రూనే మెయిన్ జెట్. దాని గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో విప్పండి, ఇత్తడి మెత్తన, గాడి చెడిపోతే ఇక రాదు. విప్పిన జెట్‌ను వెలుగుకి ఎత్తి ఒక కన్నుతో చూడండి. మధ్యలో సూదిమొనంత వెలుగు చుక్క గుండ్రంగా, నిండుగా కనబడాలి. వెలుగు కనబడకపోయినా, చంద్రవంకలా సగమే కనబడినా మీ జనరేటర్ జబ్బు అదే. వెంట్రుకంత పొర చాలు దాన్ని మూసేయడానికి.

దీన్ని సూదితోనో, పిన్నీసుతోనో పొడవకండి. రంధ్రం రవ్వంత పెద్దదైనా ఇంజన్ ఎప్పటికీ పెట్రోల్ ఎక్కువ తాగుతూ నల్లపొగ వదులుతుంది. మామూలు కరెంటు వైరులోంచి ఒక్క సన్న రాగి పోగు తీసి దానితో మెల్లగా ఆడించండి. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే ఉంటే కొట్టండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి మొహాన చిమ్ముతుంది. స్ప్రే లేకపోతే కొత్త పెట్రోల్‌లో గంటసేపు నానబెట్టి, పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టించండి. జెట్ వెనక ఉండే రంధ్రాల గొట్టానికీ, పక్కనుండే సన్న పైలట్ జెట్‌కీ ఇదే పని. బిగించేటప్పుడు జెట్ మరీ గట్టిగా బిగించకండి.

తిరిగి పెట్టాక కాక్ తెరిచి రెండు నిమిషాలు చూడండి. గిన్నె చుట్టూ తడి కనబడితే రబ్బరు రింగు సరిగ్గా కూర్చోలేదు. కారుతుండగా స్టార్ట్ చేయవద్దు.

ఎయిర్ ఫిల్టర్ కూడా ఈలోగా చూసేయండి. స్పాంజి అయితే సబ్బు నీళ్లలో ఉతికి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి పెట్టండి. కాగితంది అయితే ఉతకకూడదు, దులపాలి లేదా మార్చాలి. కందిరీగలు గూడు కట్టిన ఫిల్టర్లూ, పొగ గొట్టాలూ కూడా నా దగ్గరికి వచ్చాయి.

తాడు లాగేటప్పుడే తేడాగా ఉంటే

తాడు ఏ బరువూ లేకుండా ఊరికే వచ్చేస్తుంటే కంప్రెషన్ లేదు. ప్లగ్ వదులుగా ఉందేమో ముందు చూడండి. ప్లగ్ రంధ్రంలో అర స్పూను ఇంజన్ ఆయిల్ పోసి లాగితే బరువు పెరిగిందంటే పిస్టన్ రింగులు ఆరిపోయాయి లేదా అరిగిపోయాయి. చాలాకాలం ఊరికే ఉన్న ఇంజన్ అయితే ఈ కాస్త ఆయిల్‌తోనే మళ్లీ పుంజుకుంటుంది. పెరగకపోతే వాల్వు ఇరుక్కుని ఉంటుంది, మెకానిక్ చూడాలి.

తాడు అసలు కదలకపోతే బలవంతం చేయకండి. పెట్రోల్ గానీ ఆయిల్ గానీ సిలిండర్‌లో నిండి పిస్టన్‌ను ఆపేసి ఉండొచ్చు, ఆటోలో పక్కకి పడేసి తెచ్చినవాటిలో ఇది తరచు చూస్తాను. ప్లగ్ తీసి మెల్లగా లాగితే ఆ ద్రవం బయటికి వచ్చేస్తుంది. ప్లగ్ తీసినా కదలకపోతే ఇంజన్ పట్టేసింది.

స్టార్ట్ అయి ఆగిపోతోంది

చోక్ ఉన్నంతసేపూ నడిచి, చోక్ తీయగానే ఆగిపోతే జెట్ ఇంకా పూర్తిగా శుభ్రపడలేదు. పది పదిహేను నిమిషాలు నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంటే ట్యాంకు మూత గాలి రంధ్రం చూడండి. వాలు నేల మీదైతే ఆయిల్ సెన్సర్. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కి మార్చే పాత రకాలైతే ఆపే ముందు తప్పకుండా పెట్రోల్‌కి తిప్పి కొన్ని నిమిషాలు నడపాలి. గిన్నెలో కిరోసిన్ మిగిలితే మర్నాడు చల్లటి ఇంజన్ దానితో అందుకోదు.

ఇంజన్ బాగానే నడుస్తూ కరెంటు రాకపోతే బ్రేకర్ ఆన్ చేశారో లేదో చూడండి. ఆన్‌లో ఉండి కూడా రాకపోతే ఏవీఆర్ (వోల్టేజీని అదుపు చేసే భాగం), కార్బన్ బ్రష్‌లు చూడాలి. అది ఈ పనిలో చేయి తిరిగినవాళ్లకే వదలండి.

ఇంటికి కలిపేటప్పుడు

స్టార్ట్ అయ్యిందన్న సంబరంలో రెండు వైపులా మగ పిన్ను పెట్టిన వైరుతో గోడ సాకెట్‌కి కలిపేస్తారు. ఈ పని మాత్రం ఎవరూ చేయకండి. మెయిన్ తీయడం మర్చిపోతే ఆ 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి అవతల 11,000 వోల్టులవుతాయి. తుపాను తర్వాత స్తంభాలెక్కి తీగలు కట్టే లైన్‌మన్లు లైను చచ్చిపోయిందనుకునే ముట్టుకుంటారు. తిత్లీ తర్వాత పక్క జిల్లాల నుంచి వచ్చి మా ఊళ్లో రాత్రీ పగలూ పని చేసిన కుర్రాళ్లకు మేము అన్నాలు వండి పెట్టాం. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తే. ఇంటికి లైను కరెంటో, జనరేటర్ కరెంటో ఒక్కటే కలిసేలా చేసే ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నేరుగా జనరేటర్ నుంచే వస్తువులకు ఇవ్వండి.

మళ్లీ మూలన పెట్టే ముందు

కాక్ మూసి, ఇంజన్ నడుస్తూ నడుస్తూ దానంతట అది ఆగేదాకా వదలండి. కార్బురేటర్‌లో పెట్రోల్ అంతా కాలిపోతుంది. తర్వాత డ్రైన్ స్క్రూ తీసి మిగిలిన చుక్కలు కూడా దించేయండి. రెండు నెలల్లో వాడేది లేకపోతే ట్యాంకు కూడా ఖాళీ చేసి ఆ పెట్రోల్ బైకులో పోసుకోండి. నెలకోసారి రెండు లైట్లో, ఒక ఫ్యానో లోడు పెట్టి పావుగంట నడపండి. కొత్త ఇంజన్‌కి మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత 100 గంటలకో, ఆరు నెలలకో, ఏది ముందైతే అది.

ఒక కొత్త ప్లగ్, అర లీటరు ఆయిల్, ఒక రబ్బరు రింగు, సన్న రాగి పోగులు రెండు ప్లాస్టిక్ డబ్బాలో వేసి జనరేటర్ పక్కనే పెట్టండి. ప్లగ్ పానా మాత్రం డబ్బాలో వద్దు, జనరేటర్ హ్యాండిల్‌కే తాడుతో కట్టేయండి. డబ్బాలోంచి ఎవరో ఒకరు దాన్ని బైకు పనికి పట్టుకెళ్తారు.